‘లేవు’ అని రాసింది నేనే

నా టోకెన్ ఇరవై మూడు. ఇప్పుడు మైకు ముందు నిలబడ్డది తొమ్మిది. మనిషికి మూడు నిమిషాలే అని సభ నడిపే పెద్ద సారు ముందే చెప్పారు గానీ మా సర్పంచ్ యాదగిరికి మూడు నిమిషాలు గొంతు సవరించుకోవడానికే చాలవు, నా వంతు రావడానికి ఎంత లేదన్నా గంట పడుతుంది, ఈ గంటసేపు నా మనసు మారకుండా ఉంటే అంతే చాలు. బడి ఆవరణలో షామియానా వేశారు, కుర్చీలు వేశారు, కుర్చీకో నీళ్ల ప్యాకెట్ పెట్టారు, బడి వెనకాల కంపెనీ వాళ్లు వండిస్తున్న బగారన్నం వాసన పొద్దున్నుంచీ ముక్కుకు తగులుతోంది, మా ఊరి అభిప్రాయం సేకరించాలంటే ముందు కడుపు సేకరించాలని ఎవరు చెప్పారో వీళ్లకు. షామియానా అంచు కింద నుంచి జాలుగుట్ట కనిపిస్తోంది. ఆ గుట్టను కోసి రాయి అమ్ముకుంటామంటుంది కంపెనీ, అమ్ముకోనివ్వాలా వద్దా మీరే చెప్పండంటుంది సర్కారు, ఇదీ ఇవాళ్టి సభ. పెద్ద సారు ముందున్న టేబుల్ మీద ఒక లావుపాటి పుస్తకం ఉంది. గుట్టను కోస్తే ఏ జంతువుకు ఏమవుతుంది, ఏ నీళ్లకు ఏమవుతుంది అని కంపెనీ వాళ్లు సర్వే చేయించి రాయించిన పుస్తకం. దాన్లో నూట పన్నెండో పేజీ నా చేతిరాత. వన్యప్రాణులు: లేవు. నీటి ఆధారాలు: లేవు. కింద నా సంతకం, వనిత, అంగన్‌వాడి టీచర్, పక్కన గుండ్రంగా సెంటర్ స్టాంపు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, చిన్నప్పుడు బళ్లో అందరూ మెచ్చుకున్న చేతిరాత, తగలెయ్య.

ఎలా రాశాను ఆ మాట? పిచ్చిదాన్నా? కాదు, అలవాటు. పదకొండేళ్లుగా ఈ ఊరికి ఏ కాగితం వచ్చినా నింపేది నేనే. ఇల్లుందా అంటే లేదు, మరుగుదొడ్డి ఉందా అంటే లేదు, నీళ్లున్నాయా అంటే లేవు, ఉందని రాస్తే ఏ స్కీమూ రాదు, లేదని రాస్తేనే ఏదో ఒకటి వస్తుంది, ఇది ఊళ్లో ఎడమచేతి వేలిముద్ర వేసేవాళ్లకు కూడా తెలుసు. అందుకే ఆ రోజు చొక్కా టక్ చేసుకున్న సర్వే పిల్లాడు, వాడికి మీసం కూడా సరిగ్గా రాలేదు, పిల్లలకు గుడ్లు ఒలుస్తున్న నా ముందు కాగితం పెట్టి, మేడం మీరు చదువుకున్నోళ్లు, ఊరివాళ్లను అడిగి మీరే నింపండి అంటే, నీటి ఆధారాలు అన్న గడి చూడగానే నా చెయ్యి దానంతట అదే లేవు అని రాసేసింది. ఏ బోరో ట్యాంకో ఇవ్వడానికి వచ్చాడనుకున్నాను. ఏ కంపెనీ, ఎందుకు, అని ఒక్క మాట అడగలేదు. పిల్లలకు అ ఆలు నేర్పే దాన్ని, పైన ఇంగ్లిషులో ఉన్న పేరు చదువుకోలేకపోయాను. అది తప్పు. తెలియక చేసిన తప్పు, దానికి సిగ్గుపడతాను గానీ కుంగిపోను. వన్యప్రాణుల గడి సంగతి వేరు. అది తెలిసే రాశాను.

పన్నెండో నంబరు. కోనరావుపేటలో ట్రాక్టర్ నడిపే కుర్రాడు, కంపెనీ వస్తే పనొస్తుంది అంటున్నాడు, చప్పట్లు కొడుతున్నారు. కొట్టనీ, వాడిది తప్పు కాదు. పని లేక ఊరు సగం ఖాళీ అయింది, ఒక్క మా వాడలోనే ఏడు ఇళ్లల్లో మొగాళ్లు గల్ఫులో ఉన్నారు, నా మొగుడు కుమార్‌తో కలిపి. నేను మాత్రం తూచుకోలేదా ఏమిటి, నెల రోజులుగా ఇదే పని, అన్నం కలుపుతూ తూచాను, బట్టలు పిండుతూ తూచాను. ఒక పక్క కుమార్ ఇంటికొస్తాడు. ఇంకో పక్క గుట్ట ఉంటుంది. ఇంత సాదా తూకం ఎవరికైనా దొరుకుతుందా, అయినా ముల్లు ఒక్కచోట నిలబడలేదు.

పొద్దున వాయిస్ పంపాడు కుమార్. మస్కట్ అవతల ఎక్కడో కొండలు కోసే క్రషర్‌లో పని, గొంతు ముందున్నట్టు లేదు, మాటకు మాటకు మధ్య దగ్గు. "వనితా, యాదగిరన్న తోని మాట్లాడిన. కంపెనీ వస్తే నాకు ఈడ చేసిన పనే గాడ ఇప్పిస్తనన్నడు. ఇంటికాడ తిని పనికి పోవచ్చు. పోరి మొకం జూడక రెండేండ్లాయె. నువ్వు మీటింగుల నోరు తెరవకు, నీ కాళ్లు మొక్కుత. తెరిస్తే నేనిగ అచ్చుడు లేదు." మూడుసార్లు విన్నాను. మూడోసారి మాటలు వినలేదు, దగ్గు మాత్రమే విన్నాను. రాయి పొడి మింగి మింగి దగ్గేవాడు, అదే రాయి పొడిని ఇంటికి తెచ్చుకుందామంటున్నాడు, ఎందుకంటే ఇంటి దగ్గర దగ్గితే కనీసం వీపు నిమిరేవాళ్లు ఉంటారు. అంత మాత్రం నాకు అర్థం కాదా. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, తర్వాత మొహం కడుక్కొని వచ్చి టోకెన్ తీసుకున్నాను.

కుమార్ పోయింది పని లేక కాదు. ఊరికి తెలుసు, బయటివాళ్లకు తెలియదు. మాది గుట్ట కింది చెలక, ఎకరన్నర. ఆ ఏడు మక్క వేశాం, కంకి పాలుపోసుకునే వేళకు అడవి పందులు పడ్డాయి, రెండు రాత్రుల్లో పావు చేను దున్నిపెట్టాయి. చుట్టూ అందరూ చేసే పనే మేమూ చేశాం, చేను చుట్టూ తీగ కట్టి మోటారు డబ్బా నుంచి కరెంటు ఇచ్చాం. తీగ కుమార్ కట్టాడు. పొద్దుగూకే వేళ ఆయన మెట్‌పల్లి నుంచి ఇంకా రాలేదు, నేనే పోయి స్విచ్చి వేశాను. ఈ చెయ్యే, ఈ బొటనవేలే. తెల్లారి పోయి చూస్తే పంది కాదు, గుడ్డెలుగు. ఆడది. నల్లటి వెంట్రుకల మీద మంచు పడి ఉంది, రొమ్ము మీద తెల్లటి మచ్చ, ముందరి కాళ్లు రెండూ మొహానికి అడ్డం పెట్టుకుంది. పాలు ఉన్నాయి దానికి. పిల్లలు ఎటు పోయాయో ఏమో, గుట్ట వైపు నుంచి మూడు రోజులు ఒకటే అరుపు, ఆ మూడు రోజులు నేను సెంటర్‌లో పిల్లలకు పాలు పోస్తూ చెవుల్లో కొంగు కుక్కుకున్నాను. అడవి సార్లకు తెలిస్తే కేసు, జైలు. మా మామ లస్మయ్య, కుమార్, వాడకట్టులో ఇంకో నలుగురు కలిసి చేను ఒడ్డు కింద నాలుగడుగుల గొయ్యి తీసి పూడ్చారు. ఎక్కడో పుకారు పుట్టింది, జీపు రెండుసార్లు ఊరి చుట్టూ తిరిగింది, కుమార్ భయపడ్డాడు, జగిత్యాలలో ఏజెంటును పట్టుకొని కొండగట్టులో కొబ్బరికాయ కొట్టి కోరుట్లలో బస్సెక్కాడు. ఇంతవరకూ ఒక్కరు, మూడు వందల గడపల ఊళ్లో ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పలేదు. కల్లు దుకాణంలో ఎంత తాగినా విప్పలేదు. ఊరంటే అదీ.

సర్వే రోజు మామ గుడ్డెలుగులు లేవన్నది అందుకే. సర్వే పిల్లాడు జంతువుల గడి దగ్గర ఆగినప్పుడు మామ అప్పుడే కల్లు చెట్టు దిగి మోకు భుజాన వేసుకొని సెంటర్ ముందు నుంచి పోతున్నాడు. పిల్లాడు "తాతా, గుట్ట మీద ఎలుగుబంట్లు గాని ఉన్నాయా" అని అడిగాడు. మామ నా మొహం చూశాడు. "గుడ్డెలుగులా? మా తాతల కాలంల ఉండెనట. ఇప్పుడు కుందేలు గూడ లేదు బిడ్డా, రాసుకో" అన్నాడు. ఆయన వెనక నిలబడ్డ వాళ్లంతా అవునవును అన్నారు. నేను రాశాను. మామ ఏ చెట్టు మీదినుంచి దిగి వచ్చాడో తెలుసా, గుట్ట మొదట్లో ఉన్న ఈత చెట్టు మీదినుంచి. ఆ చెట్టు కల్లు లొట్టిని మా గౌండ్లోళ్లు ఎవరూ దింపరు. మామ వాళ్ల తండ్రి కాలం నుంచీ చెట్లు వంతులు వేసుకునేటప్పుడు ఆ చెట్టును వదిలిపెడతారు, అది గుడ్డెలుగు వంతు. గీసి లొట్టి కట్టి వస్తారు, అది ఎక్కి తాగి లొట్టి పగలగొట్టి పోతుంది, మళ్లీ కొత్త లొట్టి కడతారు. దాని వంతు దానికి పెడితే మిగతా చెట్ల జోలికి రాదు, మనిషి జోలికీ రాదు అంటారు. అలాంటి దానికి లొట్టి కట్టి దిగి వచ్చిన మనిషి, నా కోసం, నా బొటనవేలి కోసం, లేవు అన్నాడు. నేను లేవు అని రాశాను. ఆ రెండక్షరాలు పట్టుకొని ఇవాళ గుట్టను తవ్వడానికి వచ్చారు.

"మీరు జెప్పుండ్రి సార్, టీచరమ్మ ఏం జెప్తే గది రాసుకుంటరా?" ఎవరో అరుస్తున్నారు. ఎవరు, ఓ, భూమవ్వ. కల్లు దుకాణం భూమవ్వ, పదిహేడో నంబరు, అప్పుడే పదిహేడు దాకా వచ్చిందా. నడుం మీద చెయ్యి పెట్టుకొని మైకును మింగేసేలా నిలబడింది. "నేను జూసిన. నా రెండు కండ్లతోని జూసిన. మొన్న హోలీకి ముందు తల్లీ పిల్లా గుట్ట మీది రాతిదోన కాడ నీళ్లు తాగవట్టినయి." పుస్తకం రాసిన కంపెనీ సలహాదారు లేచాడు, ఎండలో కూడా కోటు తియ్యని మనిషి, చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు. "అమ్మా, మీ మాట కాదనడం లేదు. కానీ మా దగ్గర మీ ఊరి టీచరమ్మ సంతకంతో రాతపూర్వకంగా ఉంది. మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా? ఫోటో లాంటిది?" భూమవ్వ రెండు చేతులూ తిప్పింది. "ఫోటో దిగుమని దానికెవ్వలు జెప్తరయ్యా? అద్దం ముంగట నిలవడి దువ్వుకొని అస్తదా?" అందరూ నవ్వారు, పెద్ద సారు కూడా నవ్వారు, భూమవ్వకు కోపం వచ్చింది, మూడు నిమిషాలు అయిపోయాయి. ఆమె రాసిచ్చిన కాగితం ఏమీ లేదు కాబట్టి గుమస్తా ‘మౌఖికం’ అని రాసుకున్నట్టున్నాడు. నవ్వు అయిపోయింది, గుడ్డెలుగు కూడా అయిపోయింది.

మాట సరిపోదు. అది నాకు ఇప్పుడు అర్థమైంది. పొద్దున టోకెన్ తీసుకున్నప్పుడు నేను పోయి అబద్ధం రాశాను, ఉన్నాయి అని చెబితే సరిపోతుందనుకున్నాను. సరిపోదు. ఆధారం ఉందా అంటాడు కోటాయన. ఆధారం ఈ ఊళ్లో ఒకే ఒక్కటి ఉంది, అది మా చెలక ఒడ్డు కింద ఉంది.

నీళ్ల సంగతైనా గట్టిగా చెప్పనీ. నీటి ఆధారాలు లేవంట. జాలుగుట్ట ఊరికే ఆ పేరు పెట్టుకుందా, వానలు వెనక్కి పోయి నాలుగు నెలలైనా గుట్ట పగుళ్లలోంచి నీళ్లు జాలుతూనే ఉంటాయి, పైన దోనలో నిలుస్తాయి, దోన నిండి కిందికి దిగి వాగవుతాయి, ఆ వాగు పక్కనే మా బావులు, మా ఈత చెట్లు, మాఘం దాకా పొలాలు. మా అక్క సుశీలను సిరిసిల్ల అవతల ఒక ఊరికి ఇచ్చారు, అక్కడ ఇలాగే గుట్టను కోశారు, బాంబు పెట్టినప్పుడల్లా ఇంట్లో గిన్నెలు కదిలేవట, మొదటి ఏడు బావి తెల్లగా పాలలా అయింది, మూడో ఏడు బావిలో పిల్లలు క్రికెట్ ఆడారు. పగులు ఎక్కడ ఉందో గుట్టకే తెలుసు, దాన్ని ఒకచోట కదిలిస్తే నీళ్లు ఎటు పోతాయో ఏ పుస్తకం చెబుతుంది. అక్కా బావా ఇప్పుడు భీవండిలో ఉన్నారు. వాళ్లకు కూడా పని వస్తుందనే చెప్పారు, వచ్చింది, నాలుగేళ్లు వచ్చింది, రాయి అయిపోయింది, కంపెనీ పోయింది, గొయ్యి మిగిలింది. నాలుగేళ్లకు కుమార్ వస్తాడు. నాలుగేళ్ల తర్వాత? అప్పుడు ఆయనతో పాటు నేను, నా బిడ్డ, మామ, అందరం బస్సెక్కాలి. ఒక్కణ్ని రప్పించుకోవడానికి నలుగురం పోవాలి. ఇదిగో, ముల్లు ఇటు వంగుతోంది, వంగనీ.

ఇరవై ఒకటి. యాదగిరి లేచాడు. కాలర్ సర్దుకొని, రోడ్డు వస్తుంది, బడికి రంగులు వేయిస్తారు, గుడికి గోపురం కట్టిస్తారు అంటున్నాడు, ఇవన్నీ వీడే ఎలక్షన్లలో చెప్పాడు, ఇప్పుడు కంపెనీ నెత్తి మీద పెడుతున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ నా వైపు చూశాడు. వాడికీ తెలుసు ఒడ్డు కింద ఏముందో, గొయ్యి తీసిన నలుగురిలో వాడొకడు. ఆ చూపులో బెదిరింపు లేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది, నీ మంచికే చెబుతున్నా వదినా అన్నట్టు ఉంది. వీళ్లందరూ నా మంచి కోరినవాళ్లే. రెండేళ్లుగా ఊరంతా నా మంచి కోరి నోరు మూసుకుంది, ఆ మంచితనంతోనే గుట్టను అమ్ముకునే దాకా వచ్చాం.

మామ పక్క వరసలోంచి లేచి వచ్చి నా వెనక కుర్చీలో కూర్చున్నాడు. కల్లు వాసన, చెట్టు బెరడు వాసన. "ఏమనుకుంటున్నవో నాకెర్కే" అన్నాడు చెవి దగ్గర. నేను తిరగలేదు. "గుట్ట పోతే పోయింది. నువ్వు జైలుకు పోతే నా మనుమరాలికి అన్నమెవ్వలు పెడ్తరు?" "నువ్వు పెట్టు మామా. నీకు వండ రాదా?" అన్నాను. ఆయన చెయ్యి నా తల మీద పెట్టాడు, చెట్లు ఎక్కి ఎక్కి కాయలు కాసిన అరచెయ్యి, పెట్టి తీసేశాడు. సరే అన్నాడో వద్దన్నాడో తెలియలేదు, నేను సరే అన్నాడనే అనుకున్నాను.

ఇరవై మూడు అని పిలిచారు. లేచి ముందుకు నడిచాను. మైకు ఎత్తు ఎక్కువగా ఉంది, కిందికి లాగాను, కీచుమంది. పెద్ద సారు తల ఎత్తకుండా "పేరు చెప్పి, మద్దతా అభ్యంతరమా ముందు చెప్పండి" అన్నారు.

"రెండూ కాదు సార్. సవరణ. నూట పన్నెండో పేజీల రాసింది నేనే. రెండు గడులల్ల రెండబద్ధాలు రాసిన. నీళ్లున్నయి, గుడ్డెలుగులున్నయి."

కోటాయన లేచాడు, మొహంలో అదే మర్యాద. "మేడం, అప్పుడు లేవన్నారు, ఇప్పుడు ఉన్నాయంటున్నారు. ఏది నమ్మాలి? ఆధారం?"

"ఉన్నది. గుట్ట కింద మా చెలకల తూర్పు ఒడ్డు కాడ నాలుగడుగులు తవ్వుండ్రి. ఆడ గుడ్డెలుగు బొక్కలుంటయి. రెండేండ్ల కిందట కరెంటు తీగకు తాకి సచ్చింది. స్విచ్చేసింది నేను."

బడి వెనక వంటవాళ్లు గరిటె తిప్పడం ఆపినట్టున్నారు. తీగ ఎవరు కట్టారని అడిగితే అడగనీ, అడగకముందే మొగుడి పేరు చెప్పేంత హరిశ్చంద్రుడి చెల్లెల్ని కాను. ఎవరూ అడగలేదు. పెద్ద సారు మొదటిసారి తల ఎత్తి నన్ను చూశారు. ఆయనకు మా అన్న వయసు ఉంటుంది. పెన్ను కింద పెట్టి, మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, నాకు మాత్రమే వినపడేటట్టు అన్నారు: "అమ్మా, నువ్వు ఏం చెబుతున్నావో నీకు తెలుసా? ఇదంతా రికార్డు అవుతోంది. చిన్న ఉద్యోగం, పిల్లలు ఉన్నట్టున్నారు. పోయి కూర్చో. ఈ మాట నేను వినలేదనుకుంటాను, రాయను."

మంచివాడు. ఈయన కూడా మంచివాడే, నా కర్మ. ఒక్క క్షణం, నిజం చెబుతున్నా, ఒక్క క్షణం కాళ్లు వెనక్కి తిరగబోయాయి, కూర్చుంటే అయిపోతుంది, బగారన్నం తిని ఇంటికి పోవచ్చు, కుమార్ వస్తాడు. తర్వాత ఒళ్లు మండింది. ఎంతమంది దాస్తారు నన్ను, ఇంకా ఎంతకాలం దాస్తారు. ఆయన చెయ్యి మైకు మీదినుంచి నేనే తీసేశాను, ఆఫీసరు చెయ్యి అని కూడా చూడలేదు.

"గట్ల జెయ్యకుండ్రి సార్. మా ఊరు నన్ను దాసిపెట్టవట్టే మీ పుస్తకంల గుడ్డెలుగు మాయమైంది. నా మీద కేసు వెట్టుండ్రి. కేసు వెట్టాలంటే ముందుగాల జాలుగుట్ట మీద గుడ్డెలుగు ఉన్నదని సర్కారే రాయాలె గద. రాయుండ్రి."